బాకీల పుస్తకం పక్కన పెట్టుకుని పాత జెల్డా ఆటలు ఆడడం ఎలా?

మా అన్నయ్య కొడుకు పోయిన వేసవిలో మా ఇంటికొచ్చినప్పుడు 1986 నాటి 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా' మొదలుపెట్టాడు. అరగంట తిరక్కుండానే కంట్రోలర్ సోఫా మీద పడేసి, "ఇదేం ఆట బాబాయ్! ఎటు పోవాలో చెప్పదు, బాణం గుర్తు లేదు, మ్యాప్ అంటే బూడిదరంగు డబ్బాలో పచ్చ చుక్క. నాలుగుసార్లు చచ్చి నాలుగుసార్లూ మొదటికే వచ్చా" అన్నాడు.

వాడు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. వాడికి ఆట రాకపోవడమూ కాదు. కొత్త ఆటల్లో నన్ను కూర్చోబెట్టి కూర్చోబెట్టి ఓడిస్తాడు. వాడి దగ్గర లేనిదల్లా ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు.

ఈ తరహా ఆటల్లో తలుపు ముందు కనిపిస్తుంది, తాళంచెవి ఎప్పుడో తర్వాత దొరుకుతుంది. ఆ రెండింటి మధ్యలో ఆ తలుపు ఎక్కడుందో మనసులో పెట్టుకుని తిరగడమే ఆట. కొత్త ఆటల్లో ఆ పని మ్యాప్ చేసిపెడుతుంది. పాతవాటిలో మనమే చేసుకోవాలి, కిరాణా కొట్టువాడు అరువు పద్దు రాసుకున్నట్టు. అందుకే నేను దీన్ని బాకీల పుస్తకం అంటాను. కింద చెప్పేదంతా ఆ పుస్తకం ఎలా పెట్టాలి, దాంతో ఎలా తిరగాలి అన్నదే. మధ్యలో మూడు నాలుగు డంజన్ల (గదులు, తాళాలు, రాక్షసులు నిండిన చిక్కుదారి గుహలు, భవనాలు) గుట్టు విప్పక తప్పదు. వాటిని మీరే కనిపెట్టుకోవాలనుకుంటే ఏడో అడుగు దాటేసి చదవండి.

మొదటి అడుగు: ఏది ముందు ఆడాలి

విడుదలైన వరసలో మాత్రం వద్దు. మొదటి జెల్డా జపాన్‌లో 1986 ఫిబ్రవరి 21న నింటెండో కంపెనీ ఫామికామ్ డిస్క్ సిస్టమ్ అనే ఆటల యంత్రం మీద వచ్చింది. మరుసటి ఏడాది అమెరికాకు బంగారు రంగు క్యాసెట్‌గా వెళ్ళింది. ఆడినంతవరకు దాచుకోవడానికి అందులో చిన్న బ్యాటరీ ఉండేది. తొంభైల్లో మా ఊళ్ళో వీడియో గేములు అద్దెకిచ్చే షాపులో మారియో ఉండేది, కాంట్రా ఉండేది, జెల్డా మాత్రం ఎన్నడూ నా కంట పడలేదు. రోజుల తరబడి నెమ్మదిగా ఆడాల్సిన ఆటని గంటకింత అని ఎవడు అద్దెకిస్తాడు!

నేను చెప్పే వరస ఇది. ముందు గేమ్ బాయ్ అనే అరచేతి యంత్రం మీద వచ్చిన 'లింక్స్ అవేకెనింగ్' (1993). ఆ తర్వాత 'ఎ లింక్ టు ద పాస్ట్' (1991). చెయ్యి తిరిగాక 1986 నాటి మొదటిది. 'ఒకరినా ఆఫ్ టైమ్' (1998) త్రీడీ ఆట కాబట్టి దాని లెక్క వేరు, ఎప్పుడు ఆడినా ఫర్వాలేదు. ఇవన్నీ ఇప్పుడు నింటెండో స్విచ్ ఆన్‌లైన్ చందాలో దొరుకుతాయి. ఒకరినాకు మాత్రం పై స్థాయి చందా కావాలి. అన్నట్టు, ఈ ఆటల్లో మనం నడిపే కుర్రాడి పేరు లింక్. జెల్డా రాకుమారి. కొత్తవాళ్ళందరూ తికమకపడేది ఇక్కడే.

లింక్స్ అవేకెనింగ్ ముందు ఎందుకంటే, అందులోని కోహోలింట్ దీవి అడ్డంగా 16, నిలువుగా 16, మొత్తం 256 గళ్ళు. ఒక్కో గడి ఒక్కో తెర. అంచు దాటితే తెర మారుతుంది. గళ్ళ కాగితం మీద గీసుకోవడానికి ఇంతకంటే అనువైన ఊరు లేదు. 2019లో స్విచ్‌కి కొత్తగా చేసినది చూడముచ్చటగా ఉంటుంది, మ్యాప్ మీద గుర్తులు గుచ్చుకునే వీలూ ఇచ్చారు. కానీ మొదటిసారి పాతదే ఆడమంటాను. గుర్తులు ఆట పెట్టిస్తే బాకీ మన తలలో నిలవదు.

రెండో అడుగు: కాగితం మీద గదులు

స్కూలు పిల్లల లెక్కల నోటుపుస్తకం, పెద్ద గళ్ళది తీసుకోండి. పెన్ను వద్దు, పెన్సిలే. చెరపడం ఎక్కువ ఉంటుంది.

ఒక గడి అంటే ఒక గది. తెరిచి ఉన్న దారికి గోడలో ఖాళీ వదలండి. తాళం ఉన్న తలుపుకి నల్ల చుక్క. శత్రువులు చచ్చేదాకా తెరుచుకోని తలుపుకి అడ్డగీత. అనుమానం ఉన్న గోడకి ప్రశ్న గుర్తు. మెట్లకి మాత్రం అక్షరాలు వాడండి: దిగేచోట 'అ' అని రాస్తే, తేలేచోట కూడా 'అ' అనే రాయాలి. ఈ ఒక్క అలవాటు లేక నేను చాలాకాలం ఒకే గుహలో గానుగెద్దులా తిరిగాను.

గుహని కాగితం మీదకు దించడం ఈ ఆటలకు పుట్టుకతో వచ్చింది. 1976లో విల్ క్రౌథర్ రాసిన 'కొలోసల్ కేవ్ అడ్వెంచర్'లో బొమ్మలే లేవు, అన్నీ అక్షరాలే. ఆయన ప్రోగ్రామరే కాదు, కెంటకీలోని మామత్ కేవ్ గుహల్లో దిగి కొలతలు తీసిన మనిషి కూడా. మరుసటి ఏడాది డాన్ వుడ్స్ ఆ ఆటను పెంచాడు. అందులో ఒక చిక్కుదారి ఉంటుంది, ప్రతి గది వర్ణనా అచ్చు ఒకేలా ఉంటుంది. ఎక్కడున్నామో తెలియాలంటే చేతిలోని వస్తువు ఒక్కో గదిలో ఒక్కోటి వదిలి వెళ్ళాలి. దీపం ఉన్న గది, తాళంచెవులు ఉన్న గది అని అప్పుడు తేడా తెలుస్తుంది. మనం కాగితం మీద పెట్టే గుర్తులకు తాత అదే.

ఇక గీసే గీత ఎందుకు పనికొస్తుందో 1986 జెల్డాలో తేలిగ్గా తెలుస్తుంది. అందులో డంజన్ గదులన్నీ ఒకే కొలత, తలుపులు ఎప్పుడూ గోడకి నట్టనడుమే. బాంబుతో పగిలే గోడ మామూలు గోడలాగే కనబడుతుంది, బీట కూడా ఉండదు. బాంబులా, మొదట్లో 8 కంటే ఎక్కువ పట్టవు. ప్రతి గోడకీ పెట్టుకుంటూ పోతే దివాలా తీస్తాం. డంజన్‌లో దొరికే మ్యాప్ తీసుకున్నాక అందులో ఎన్ని గదులున్నాయో కనబడుతుంది, తలుపులు కనబడవు. దాన్ని మన గీతతో పక్కపక్కన పెట్టి చూడాలి. మ్యాప్‌లో గది ఉంది, మన కాగితంలో దానికి దారి లేదు. అంటే పక్కనున్న గోడల్లో ఏదో ఒకటి పగలాలి. నట్టనడుమ ఒక్క బాంబు. గోడ తెరుచుకుని అవతల నల్లటి సందు కనబడినప్పుడు, ఎవరూ చెప్పకుండా లెక్క కట్టి పట్టుకున్నామన్న తృప్తి ఉంటుందే, ఆట మొత్తంలో నాకు ఇష్టమైన క్షణం అది.

ఎ లింక్ టు ద పాస్ట్‌కి ఇంకో కిటుకు. అందులో వెలుగు లోకం, చీకటి లోకం అని రెండుంటాయి. రెండింటి నేలా ఒకటే, ఒకదాని మీద ఒకటి పరిచినట్టు. చీకటి లోకాన్ని ట్రేసింగ్ పేపర్ మీద గీసి, వెలుగు లోకం గీసిన కాగితం మీద పెట్టండి. చీకటి లోకంలో మాయాదర్పణం వాడితే, సరిగ్గా అదే చోట వెలుగు లోకంలో తేలతాం. వెలుగు లోకంలో ఎక్కడానికి దారి లేని గట్టు ఒకటి కనబడితే, ట్రేసింగ్ పేపర్ మీద ఆ చోటు చూడండి. అక్కడ నడిచి వెళ్ళగలిగితే, దర్పణం తీసి గట్టు మీదకి దిగొచ్చు.

మూడో అడుగు: బాకీలు రాయడం

పుస్తకం వెనకవైపు నుంచి మొదలుపెట్టండి. మూడు గీతలు: ఎక్కడ, ఏం అడ్డుపడింది, ఏం కావాలనుకుంటున్నాను. మూడోది ఊహే, తప్పయినా నష్టం లేదు. మొదటి జెల్డా ఆడినప్పుడు నా పద్దులో ఉన్న కొన్ని:

జలపాతం పక్కన కొండ మీది గుహ. తాత కత్తి చూపిస్తాడు, ఇవ్వడు. బలం చాలదట. ఇంకా గుండెలు కావాలా?

చెరువు గట్టున రేవు. పడవ లేదు. ఊరికే కట్టరు కదా.

ఒక కొలను. అచ్చం దేవకన్య కొలనులాగే ఉంది, దేవకన్య మాత్రం రాలేదు. ఏం కావాలో తెలీదు.

మొదటిదానికి అయిదు గుండెలు కావాలి (గుండెలంటే తెర మీద కనబడే మన ప్రాణం లెక్క). రెండోది మూడో డంజన్‌లో తెప్ప దొరికాక తీరింది, ఆ రేవు నుంచే నాలుగో డంజన్ దీవికి వెళ్తాం. మూడోదాని సంగతి కాసేపట్లో చెప్తాను.

బాకీ తీరినప్పుడు దాన్ని కొట్టెయ్యకండి. పక్కన 'చెల్లు' అని రాయండి. ఏ వస్తువు ఏ అడ్డంకిని తీసింది అన్న సంబంధం కళ్ళ ముందు ఉంటే, ఆట తయారుచేసినవాడి బుర్ర ఎలా నడుస్తుందో మెల్లగా అంతుపడుతుంది. లింక్స్ అవేకెనింగ్‌లో మొదటి డంజన్‌లో ఈక దొరుకుతుంది, గుంటలు దూకొచ్చు. రెండోదాంట్లో కడియం, బరువులు ఎత్తొచ్చు. మూడోదాంట్లో బూట్లు, పరిగెత్తొచ్చు. నాలుగోదాంట్లో ఈత. అయిదోదాంట్లో కొక్కెం. ఇలా ఒక్కో డంజన్ నుంచి బయటికొచ్చినప్పుడల్లా ఆ దీవి కొంచెం చిన్నదవుతుంది, మనం కొంచెం పెద్దవుతాం. అందుకే కొత్త వస్తువు దొరికిన వెంటనే నేను ఆట ఆపి పుస్తకం తిరగేస్తాను. ఎన్ని బాకీలు ఒక్కసారిగా వసూలయ్యేలా ఉన్నాయో లెక్కపెట్టుకోవడం, జీతం పడిన రోజు లాంటి సంబరం.

ఒక హెచ్చరిక. ప్రతి పొదా ప్రతి రాయీ రాయకండి. కంటికి వేరుగా కనిపించినదే రాయండి. నా మొదటి పుస్తకంలో పేజీకి నలభై పద్దులుండేవి, ఒక్కటీ తిరిగి చదవలేదు.

నాలుగో అడుగు: ఆరుబయట తిరగడం

మొదటి జెల్డా బయటి ప్రపంచం 16 అడ్డం, 8 నిలువు, 128 తెరలు. ఆట మొదలయ్యే తెరలోనే పైన ఎడమవైపు నల్లటి గుహ నోరు కనబడుతుంది. లోపల ముసలాయన ఒంటరిగా పోవద్దని చెప్పి చెక్క కత్తి ఇస్తాడు. గుహలోకి పోవాలని ఎవరూ చెప్పరు. పోకుండా కత్తి లేకుండానే ఊరేగవచ్చు కూడా, ఎంతసేపు బతుకుతారన్నది మీ అదృష్టం. నల్లగా నోరు తెరిచి ఉంటే లోపలికి పోవాలి అన్న మొదటి పాఠం ఆ ఒక్క తెరతో చెప్పేశారు.

ఈ ఆటను తీర్చిన షిగెరు మియామోతో క్యోటో దగ్గరి సొనోబే అనే ఊళ్ళో పెరిగాడు. చిన్నప్పుడు ఊరి చుట్టూ అడవుల్లో తిరుగుతూ గుహ ఒకటి కనబడితే, లాంతరు పట్టుకుని లోపలికి వెళ్ళిన సంగతి ఆయన ఎన్నోసార్లు చెప్పాడు. ఆ భయం, ఆ ఉబలాటం రెండూ ఈ ఆటలో ఉన్నాయి.

తిరగడానికి నా పద్ధతి ఒక్కటే: ఇంటి చుట్టూ ఉంగరాల్లా. ముందు మొదలైన తెర పక్కనున్నవి, ఆ తర్వాత వాటి చుట్టూ ఉన్నవి. తిన్నగా ఒక దిక్కుకే పడిపోతే గట్టి రాక్షసులు ఎదురై, చచ్చి, మూడు గుండెలతో మళ్ళీ మొదటికొస్తాం. మావాడికి జరిగింది ఇదే. మొదటి డంజన్ మొదలైన తెరకు తిన్నగా ఉత్తరాన నాలుగు తెరల దూరంలోనే ఉంది. కానీ తిన్నగా దారి లేదు, తూర్పు పక్కగా చుట్టి వెళ్ళి వంతెన దాటాలి. వాడు పడమరకు పోయాడు.

ఇక ఆ కొలను. ఆటలో ఇంకోచోట గుహలోని ముసలివాళ్ళు ముక్కలు ముక్కలుగా సూచనలు చెప్తుంటారు. వాటిలో ఒకటి: దేవకన్యలు లేని చోట రహస్యాలుంటాయి. విన్నప్పుడు అదో తలాతోకా లేని మాట. కానీ మామూలు కొలనుల దగ్గరికి వెళ్తే దేవకన్య పైకి లేచి గుండెలన్నీ నింపుతుంది. ఒక్క కొలనులో మాత్రం ఎవరూ లేవరు. పుస్తకంలో ఆ పద్దు లేకపోతే ముసలాయన మాట గాల్లో కలిసిపోతుంది. ఉంటే, ఆ రెండు పద్దులూ ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. అయిదో డంజన్‌లో దొరికిన పిల్లనగ్రోవిని ఆ గట్టున ఊదండి. నీళ్ళు ఇంకిపోయి మెట్లు బయటపడతాయి. ఏడో డంజన్ అది.

మొదటి జెల్డాలో అన్ని రహస్యాలూ ఇంత న్యాయంగా ఉండవు. ఏ ఆనవాలూ లేని రాతిగోడకి బాంబు పెడితే తెరుచుకునేవి ఉన్నాయి, తీరా తెరిస్తే లోపల ముసలాయన తలుపు మరమ్మతు ఖర్చని మన దగ్గరే డబ్బు గుంజేవీ ఉన్నాయి. (ఆ డబ్బుని రుపీ అంటారు. మన రూపాయి అనుకునేరు, మెరిసే రాళ్ళు.) అలాంటివి అన్నీ వెతకాలని పంతం పట్టకండి. అక్కడ మాత్రం ఆట కంటే ఓపిక పెద్దదవుతుంది.

అయిదో అడుగు: డంజన్‌లో మొదటి పది నిమిషాలు

గుమ్మం దాటగానే కత్తి ఝళిపించకండి. తలుపులు లెక్కపెట్టండి, గీయండి.

మొదటి జెల్డా మొదటి డంజన్ చూడండి. లోపలికి రాగానే ఎదురుగా తాళం వేసిన తలుపు. ఎడమవైపు ఒక గది, కుడివైపు ఒక గది, రెండూ బార్లా తెరిచి ఉంటాయి. ఎడమ గదిలో గబ్బిలాలు, వాటిని చంపితే తాళంచెవి రాలుతుంది. కుడి గదిలో అస్థిపంజరాలు, ఒకడి ఒంట్లో తాళంచెవి కనబడుతూనే ఉంటుంది. అంటే ముందు తాళం చూపించి, ఆ తర్వాత రెండు అడుగుల దూరంలోనే చెవి పెట్టారు. మాట ఒక్కటి లేకుండా పాఠం అయిపోయింది. ఆ తర్వాతి డంజన్లు చేసేదల్లా ఆ రెండు అడుగుల దూరాన్ని పెంచుకుంటూ పోవడమే.

తాళంచెవుల జమాఖర్చు విడిగా రాయండి. దొరికినవి ఎన్ని, వాడినవి ఎన్ని, ఇంకా నల్ల చుక్కలు ఎన్ని మిగిలాయి. మొదటి జెల్డాలో ఒక డంజన్‌లో మిగిలిన చెవి ఇంకో డంజన్‌లో పనికొస్తుంది, అంగట్లో కొనుక్కోనూ వచ్చు. ఆ తర్వాతి ఆటల్లో ఏ డంజన్ చెవులు ఆ డంజన్‌కే. కాబట్టి వాటిలో లెక్క తేలకపోతే, మీరు చూడని గది ఎక్కడో ఉన్నట్టే. లింక్స్ అవేకెనింగ్‌లో దిక్సూచి దొరికాక ఇంకా మేలు: చెవి దాగి ఉన్న గదిలోకి అడుగుపెట్టగానే చిన్న సవ్వడి చేస్తుంది. ఆ సవ్వడి వినబడి, చెవి కనబడకపోతే ఆ గదికి బాకీ రాసుకుని ముందుకు పోండి.

మూడో డంజన్ గీసినప్పుడు ఒక చిన్న వింత కనబడుతుంది. మొదటి జెల్డాలో ప్రతి డంజన్‌కీ ఒక ఆకారం ఉంది: డేగ, చంద్రుడు, పాము, బల్లి, డ్రాగన్, సింహం ఇలా. మూడోది మంజి. జపాన్ మ్యాపుల్లో బౌద్ధ ఆలయానికి వేసే గుర్తు, మన స్వస్తిక్ లాంటిదే. కొత్త పద్దు పుస్తకం మొదటి పేజీలో మనవాళ్ళు వేసే గుర్తు, నా బాకీల పుస్తకంలో తనంతట తనే గది గదిగా తయారైంది.

ఆరో అడుగు: వస్తువు దొరికిన చోట ఆగండి

ప్రతి డంజన్‌కీ ఒక వస్తువు ఉంటుంది. ముఖ్యంగా ఎ లింక్ టు ద పాస్ట్ తర్వాతి వాటిలో, డంజన్‌ని రెండు ముక్కలుగా ఊహించుకోండి: వస్తువు లేని ముక్క, ఉన్న ముక్క. మొదటి ముక్కలో అడ్డంకులు చూపిస్తారు. వస్తువు దొరికాక వాటినే మళ్ళీ దాటిస్తారు, బాస్ (డంజన్ చివర ఎదురయ్యే పెద్ద రాక్షసుడు) దగ్గర అదే వస్తువుతో పరీక్ష పెడతారు. పెద్ద పెట్టె తెరిచిన వెంటనే ముందుకు పరిగెత్తే బదులు, ఇప్పటిదాకా గీసిన గదులన్నీ ఒకసారి చూడండి. ఏ గది అర్థం మారిపోయిందో కనిపెట్టండి.

మొదటి జెల్డా ఇక్కడ కొంచెం కోణంగి. మొదటి డంజన్‌లో విల్లు ఇస్తుంది, బాణం మాత్రం అంగట్లో 80 రుపీలు పెట్టి కొనుక్కోవాలి. కొన్నాక కూడా వేసే ప్రతి బాణానికీ ఒక రుపీ కరుగుతుంది.

ఏడో అడుగు: గదులు కాదు, భవనాన్ని చూడండి

ఇక్కడే మంచి డంజన్‌కీ మామూలు డంజన్‌కీ తేడా. గదికో చిక్కుముడి పెట్టడం ఎవరైనా చేస్తారు. భవనం మొత్తాన్ని ఒకే చిక్కుముడిగా కట్టడం వేరు.

ఒకరినా ఆఫ్ టైమ్ మొదటి డంజన్ ఒక మహావృక్షం కడుపు. లోపలికి రాగానే నేల మీద పెద్ద సాలెగూడు, కింద ఏదో అగాధం. కత్తితో కొట్టినా తెగదు. పైకి ఎక్కుతారు, రెండో అంతస్తులో ఉండేలు దొరుకుతుంది, దాంతో దారిలోని సాలీళ్ళను కొట్టి ఇంకా పైకి పోతారు. అక్కడి నుంచి ఇంకా పైకి దారి లేదు, అంచున ఒక చెక్క మాత్రం. కింద చూస్తే మొదట్లో చూసిన సాలెగూడు కాసంత కనబడుతుంది. దూకాలి! పడ్డ వేగానికి గూడు చిరిగి కిందికి పోతాం. జెల్డా మొదటిసారి త్రీడీలోకి వచ్చిన ఆటలో, ఎత్తు అంటే ఏమిటో అరగంటలో మన ఒంటికి నేర్పించారు.

లింక్స్ అవేకెనింగ్‌లో ఏడో డంజన్ ఈగిల్స్ టవర్. అందులో ఒక ఇనుప గుండు, నాలుగు స్తంభాలు. గుండును గది నుంచి గదికి మోసుకుపోవాలి, కొన్నిచోట్ల అడ్డం మీదుగా అవతలకి విసిరి, మనం చుట్టూ తిరిగి వెళ్ళి మళ్ళీ అందుకోవాలి. నాలుగో స్తంభం కూలగానే పై అంతస్తు ధభీమని కింది అంతస్తు మీదకి దిగుతుంది! నేను గీసుకున్న మ్యాప్ ఆ క్షణాన అబద్ధమైపోయింది. రెండు అంతస్తుల కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే గానీ కొత్త దారి తేలలేదు. అరచేతిలో పట్టే, రంగుల్లేని ఆ చిన్న తెర మీద ఇంత పెద్ద భవనం ఎలా కూల్చారా అని ఇప్పటికీ ఆశ్చర్యమే.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం ఎ లింక్ టు ద పాస్ట్‌లోని దొంగల స్థావరం. చెరసాలలో ఒక అమ్మాయి ఉంటుంది, విడిపించి బయటికి తీసుకుపొమ్మంటుంది. మన వెనకే నడుస్తుంది. గుమ్మం దగ్గరికి తెస్తే మాత్రం బయటికి వద్దంటుంది. సరేనని బాస్ గదికి వెళ్తే అక్కడ ఎవరూ ఉండరు. ఎక్కడి గొంగళి అక్కడే. ఇప్పుడు పద్దు చూడాలి. ఒకటి: పై అంతస్తులో ఒక గది నేల బీటలు వారి ఉంది. రెండు: చాలా ముందు, వెలుగు లోకపు ఊళ్ళో, బ్లైండ్ అనే దొంగకి వెలుతురు గిట్టేది కాదని విన్నాం. కాగితాలు పెట్టి చూస్తే ఆ బీటల నేల సరిగ్గా ఖాళీ బాస్ గదికి పైన. బాంబు పెట్టి నేల పగలగొడితే ఎండ పట్టీలా కిందికి పడుతుంది. అమ్మాయిని ఆ వెలుగులోకి నడిపిస్తే, ఇంకేముంది! ఆ అమ్మాయే బ్లైండ్. ఊళ్ళో విన్న ఒక మాట, పైనున్న ఒక బీట, కిందున్న ఒక ఖాళీ గది, బయటికి రానన్న ఒక జంకు. నాలుగూ నాలుగు వేరే పేజీల్లో ఉంటే ఎప్పటికీ కలవవు.

అంతస్తుల డంజన్లకి కాబట్టి ఒకటే సూత్రం: అన్ని అంతస్తుల కాగితాలూ ఒకే కొలత, ఒకే మూల నుంచి మొదలు. అప్పుడే ఒకదాని కింద ఒకటి పెట్టి కిటికీ వెలుగులో చూడొచ్చు.

ఒకరినాలోని వాటర్ టెంపుల్‌ని లోకమంతా తిడుతుంది. అందులో నీటి మట్టం మూడు స్థాయులకి మార్చాలి, అందుకు మూడు వేరువేరు చోట్లకి వెళ్ళి పాట వాయించాలి. నేను దానికి మూడు రంగుల పెన్సిళ్ళు వాడాను: నీళ్ళు అడుగున ఉన్నప్పుడు చేరే చోట్లు ఎరుపు, మధ్యలో ఉంటే పచ్చ, పైన ఉంటే నీలం. చాలామంది చెవి ఒకటి తక్కువై రోజులు పోగొట్టుకునేది ఒకే చోట. నీటిని మధ్య స్థాయికి తెచ్చిన గదిలో, నడిమి బురుజు లోపల, ఒక దిమ్మ నీటితో పాటు పైకి తేలుతుంది. దాని కింద సొరంగం ఉంది. మనం పైకే చూస్తుంటాం, కిందికి చూడం. 2011లో త్రీడీఎస్ అనే అరచేతి యంత్రానికి మళ్ళీ చేసినప్పుడు నీటి స్థాయి మార్చే చోట్లకి రంగు గీతలు వేసి దారి చూపారు. పాతదాన్ని నేను వెనకేసుకొస్తాను గానీ ఒక్కటి ఒప్పుకోవాలి: ఇనుప బూట్లు తొడగడానికీ విప్పడానికీ ప్రతిసారీ ఆట ఆపి మెనూలోకి పోవడం చిక్కుముడి కాదు, చాకిరీ.

ఎనిమిదో అడుగు: ఇరుక్కుపోయినప్పుడు

ముందు పద్దు చదవండి, మొదటి పేజీ నుంచి. తర్వాత మీ గీతలో నల్ల చుక్కలు, ప్రశ్న గుర్తులు చూడండి. ఆ తర్వాత ఊళ్ళో మనుషులతో మళ్ళీ మాట్లాడండి. అయినా తేలకపోతే కట్టేసి పడుకోండి. పొద్దున పళ్ళు తోముకుంటుంటే తోచిన జవాబులు నాకు అరడజను దాకా ఉన్నాయి.

ఆట లోపలే అడిగే చోటుంటే సిగ్గుపడకుండా అడగండి. లింక్స్ అవేకెనింగ్‌లో ఉల్రీరా తాత అని ఒకాయన, ఇంటికెళ్తే నోరు మెదపడు. దీవిలో అక్కడక్కడా ఉన్న ఫోను గుడిసెల్లోంచి ఫోన్ చేస్తే మాత్రం గలగలా మాట్లాడి దారి చెప్తాడు. అమెరికాలో ఆ రోజుల్లో నింటెండో నిజంగానే ఫోనులో దారి చెప్పే మనుషుల్ని పెట్టింది, కాబట్టి అది మరీ గాలిలోంచి పుట్టిన ఊహేమీ కాదు.

యూట్యూబ్ చూడక తప్పని పరిస్థితి వస్తే, దానికి బదులు ఆడినవాళ్ళెవరినైనా ఒకే ప్రశ్న అడగండి: "ఏ గదిలో చూడాలి?" ఎలా అన్నది అడగొద్దు. గది తెలిస్తే చాలు, మిగతాది మీదే. మావాడితో నా ఒప్పందం అదే. రాత్రి పన్నెండింటికి ఫోటో పెట్టి, "బాబాయ్, ఈ గదా కాదా?" అంటాడు. అవునో కాదో చెప్పి పడుకుంటాను.

స్విచ్‌లో వెనక్కి తిప్పే సౌకర్యం, ఎక్కడ పడితే అక్కడ దాచుకునే సౌకర్యం ఉన్నాయి. పోట్లాటల్లో మొహమాటం లేకుండా వాడుకోండి, మొదటి జెల్డా చివరి డంజన్లలో మరీనూ. దారి వెతకడంలో మాత్రం వాడకండి. తప్పు దారి పోయి, తిరిగి నడిచి వచ్చేటప్పుడే గదులు గుర్తుంటాయి.

ఆట అయిపోయాక

మొదటి జెల్డా పూర్తయితే రెండో ప్రయాణం తెరుచుకుంటుంది. బయటి ప్రపంచం అదే, డంజన్లు మాత్రం కొత్తవి. కొన్ని గోడల్లోంచి బాంబు లేకుండా నడిచి పోవచ్చు కూడా. దాని పుట్టుక సరదాగా ఉంటుంది: మియామోతోతో కలిసి ఈ ఆటను చేసిన తకాషి టెజుకా డంజన్లన్నిటినీ, పొరపాటున, ఉన్న జాగాలో సగంలోనే సర్దేశాడట. మిగిలిన సగం ఊరికే పోనివ్వడమెందుకని ఇంకో జత డంజన్లు కట్టారు. మొదటిది ముగించే దాకా ఆగలేకపోతే, కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడు మీ పేరుకి బదులు ఇంగ్లిషులో జెల్డా అని కొట్టండి, నేరుగా రెండోదే వస్తుంది.

దానికి కొత్త పేజీలు తీయండి, పాత మ్యాప్ మీద దిద్దకండి. డంజన్‌కి ఒక కాగితం చొప్పున, గది వదలకుండా గీయండి. మొదటి అయిదూ పూర్తయ్యాక ఆ అయిదు కాగితాలూ నేల మీద పరిచి, కొంచెం దూరంగా నిలబడి ఇంగ్లిషు అక్షరాల్లా చదవండి. వరస కుదరకపోతే ముందువెనకలు మార్చి పెట్టండి. మావాడు ప్రస్తుతం నాలుగో కాగితం మీద ఉన్నాడు, వాడికి ఇంకా చెప్పలేదు.